నీళ్ల పికప్‌కు పెద్ద టర్బో

మొన్న కోరుట్ల బస్టాండు ముందు చాయ్ తాగుతుంటే, పసుపు బస్తాలు వేసుకున్న డీజిల్ పికప్ ఒకటి పక్క నుంచి పోయింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కగానే దాని లోపల సన్నగా ఈల మోగింది. అది టర్బో చప్పుడనీ, బయటికి పోయే పొగ తోపుకు తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెడుతుందనీ చాయ్ కొట్టతనికి చెప్పబోయాను. అతను తలూపి ఇంకొకరికి చాయ్ పోయడానికి వెళ్లాడు. ఈ వయసులో మనకు తెలిసినదానికీ ఎదుటివాళ్లు తెలుసుకోవాలనుకునేదానికీ పెద్దగా పొత్తు కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఖతర్‌లో పదకొండేళ్లు ఉన్నాను. మా ఇంట్లో మాత్రం అది ఇప్పటికీ దుబాయే. ఖతర్ వేరు, దుబాయ్ వేరు అని చెప్పి చెప్పి, చివరికి నేనే దుబాయ్ అనడం మొదలుపెట్టాను. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తోందని అప్పుడు దోహా అంతా తవ్వి పోశారు. పొద్దున పోయిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. అల్ తుమామాలో కడుతున్న స్టేడియం వైపు రోడ్డు పని చేసే మా కంపెనీ మనుషులు నలభై మందికి తాగే నీళ్లు, ఐసు చేరవేయడం నా డ్యూటీ. అందులో సగం మంది మా జిల్లాల వాళ్లే. ఎండాకాలం నా బండి పది నిమిషాలు ఆలస్యమైతే, నేను దిగేసరికి ఖాళీ సీసాలు పట్టుకుని ఎండలో వరుస కట్టి ఉండేవారు. తిట్టినా బాగుండేదనిపించేది.

ఆలస్యానికి కారణం బండే. పాత పికప్, వెనక నీళ్ల ట్రాలీ. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఏసీ ఆపి, కిటికీలు దించి, ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. టర్బో అరిగిపోయి నూనె తాగుతోందని తేల్చింది సనాయాలోని గ్యారేజి పెద్దాయన. సనాయా అంటే అక్కడి పారిశ్రామిక వాడ. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. గోరింటాకు పెట్టిన గడ్డం, దారంతో కట్టిన కళ్లద్దాలు. అందరం చచ్చా, అంటే బాబాయ్, అనేవాళ్లం. నాకున్నది ఎకరన్నర పొలమని తెలిసినప్పటి నుంచి ఆయన నన్ను పటేలా అని పిలిచేవాడు. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించడం ఆయన అలవాటు. కోపమొస్తే మాత్రం మొత్తం తెలుగే.

పాతది తీసి అలాంటిదే పెడితే మళ్లీ అదే గోస అని, కొంచెం పెద్ద టర్బో పెడదామన్నాడు చచ్చా. మా యజమానిని మేము అర్బాబ్ అనేవాళ్లం. ఆయన్ని ఒప్పించింది కూడా చచ్చానే. పెద్ద టర్బోతోపాటు, లోపలికి పోయే గాలిని చల్లబరిచే పెద్ద జాలీ ఒకటి ముందు బిగించాడు. పొగ గొట్టం వెడల్పు చేశాడు. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ కుర్రాణ్ని పిలిపించి, లాప్‌టాప్ తగిలించి, ఇంజిన్‌కు ఎంత డీజిల్ అందాలో కొత్తగా లెక్క కట్టించాడు. ఆ తెరమీద ఉన్నది ఆయనకు ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆ కుర్రాడి పక్కనే కూర్చుని, ఇంజిన్ చప్పుడు వింటూ, "బస్, ఇక్కడ ఆపు" అని చెప్పాడు. ఆఖరున స్టీరింగు పక్కన పొగ వేడి చూపే మీటరొకటి బిగించి, దాని అద్దం మీద ఎర్ర రంగుతో గీత గీశాడు.

"గాలి ఎంతుంటె గంతనే డీజిల్ పెట్టాలె, పటేలా. ఎక్కువ తినిపిస్తె లోపల కాల్తది. సూది ఈ గీత దాటితె కాలు తియ్యి. సమ్జే?"

సమ్జే అన్నాను. ఏసీ ఆపకుండానే ఫ్లైఓవర్ ఎక్కిన మొదటి రోజు నాకు పెళ్లినాటి సంతోషం కలిగింది. నెల తిరిగేసరికి ఆ సంతోషం పాతబడింది. సాటి డ్రైవరొకడు ఇంకో చోట లాప్‌టాప్‌తో ఇంకా బలం పెంచుతారని చెప్పాడు. చచ్చాకు చెప్పకుండా వెళ్లి పెంచుకొచ్చాను. అవసరం తీరాక కూడా ఆశ మిగిలింది, అంతే. వారం రోజులు రోడ్డు మీద నేనే రాజును. వెనక నల్లటి పొగ లేచేది. అద్దంలో చూసి గర్వపడేవాణ్ని.

జూలైలో ఒక ఉదయం, నిండు ట్రాలీతో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే పక్కన ఆ డ్రైవరే తన బండితో వచ్చి నవ్వాడు. సూది గీత దాటింది. చూశాను. చూసి కూడా కాలు తీయలేదు. పైకి చేరుతుండగా లోపల టకటకమని చప్పుడైంది, తెల్లటి పొగ కమ్మింది, బండి ఆగిపోయింది. పక్కనున్నవాడు అప్పటికే దాటిపోయాడు. ట్రాలీలో ఐసు కరిగి రోడ్డు మీద కారుతోంది.

ఫోన్ చేస్తే చచ్చా గ్యారేజి వ్యానులో వచ్చాడు. బానెట్ తెరుస్తాడనుకున్నాను. ఆయన దానివైపు చూడనే లేదు.

"నీళ్లు ఎక్కడికి పోవాలె?"

చెప్పాను. ట్రాలీని తన వ్యానుకు తగిలించుకుని ముందు సైటుకు పోనిచ్చాడు. క్యాన్లు మోస్తుంటే మా జిల్లా మనిషొకాయన, "ఏమైందే, గింత లేటయింది?" అని అడిగాడు. నేను ఇంకో క్యాన్ ఎత్తుకున్నాను. "బండి ఖరాబైంది భాయ్, ఇగ నేనున్న" అన్నాడు చచ్చా.

సాయంత్రం బండిని గ్యారేజికి లాక్కొచ్చి ఇంజిన్ విప్పితే ఒక పిస్టన్ తల కొవ్వొత్తిలా కరిగి ఉంది. చచ్చా దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవడు ముట్టిండు దీన్ని?"

అచ్చమైన తెలుగులో అడిగాడు కాబట్టి దాచలేదు. అంతా చెప్పి, అర్బాబ్‌కు తెలిస్తే ఇంటికి పంపించేస్తాడని, టర్బోనే చెడిపోయిందని చెప్పమని బతిమాలాను.

"నేను అబద్ధం చెప్ప. నీ మీద చాడీ గూడ చెప్ప. నువ్వే పోయి చెప్పు. తోడు వస్త."

మర్నాడు ఇద్దరం వెళ్లాం. నా వచ్చీరాని అరబ్బీ, చచ్చా ఉర్దూ కలిపి జరిగింది చెప్పాం. అర్బాబ్ అంతా విని ఒకటే అడిగాడు, మనుషులకు నీళ్లు అందాయా అని. అందాయన్నాం. ఎవరు తీసుకెళ్లారని అడిగాడు. నేను చచ్చా వైపు చూపించాను. రెండు నెలలు బండి ముట్టవద్దని, చచ్చా దగ్గర పని చేసి ఆ ఇంజిన్‌ను నా చేతులతో బాగు చేయమని తీర్పు చెప్పాడు. నేను ఇంటికి పోవడానికి మనసులో సూట్‌కేసు సర్దుకుని ఉన్నాను. బయటికి వచ్చాక గోడకు ఆనుకుని ఏడ్చాను. చచ్చా చూడనట్టు కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

ఆ రెండు నెలలూ బోల్టులు కడిగాను, కొలతలు నేర్చుకున్నాను, ఆయన డబ్బాలోని ఖట్టీ దాల్ తిన్నాను. చచ్చా కట్టించిన పాత డీజిల్ లెక్కే మళ్లీ పెట్టించాక ఆ బండి స్టేడియం పూర్తయ్యేదాకా మొరాయించకుండా తిరిగింది. ఆటలు మొదలుకాకముందే మోకాళ్ల నొప్పితో చచ్చా హైదరాబాద్ వెళ్లిపోయాడు. రెండేళ్ల కింద ఆయన కొడుకు ఫోన్ చేసి, నాన్న చనిపోయాడని చెప్పాడు.

ఆ ఏళ్లలో దేశమంతా ఆటలు మొదలయ్యే ఒకే తేదీ కోసం పరుగెత్తింది. మేమూ దాని వెంటే పరుగెత్తాం. ఆ తేదీ వచ్చింది, పోయింది. పదకొండేళ్లలో నాదంటూ మిగిలిన కాలం ఏదని ఇప్పుడు వెతుక్కుంటే, ఎటూ కదలకుండా ఒకే చోట గడిపిన ఆ రెండు నెలలే దొరుకుతున్నాయి.