కవుతరం రోడ్డు మీద గేదె

మావయ్య నడిపే బండి నేను ఎక్కకూడదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో ఉన్న నియమం ఇది. మావయ్య అంటే అమ్మ తమ్ముడు, అవనిగడ్డలో ఉంటాడు. అమ్మానాన్నల పెళ్లికి కొద్ది రోజుల ముందు, నాన్నని వెనక కూర్చోబెట్టుకుని గుడివాడ నుంచి బందరు వస్తూ, కవుతరం దగ్గర గేదె అడ్డం వస్తే తప్పించబోయి పడ్డాడట. నాన్నకి అరచేతులు చీరుకుపోయాయి. మావయ్య కుడికాలు విరిగి, సరిగ్గా అతకలేదు. పెళ్లి ఫొటోలో అందరూ నిలబడి ఉంటే మావయ్య ఒక్కడే పిండికట్టుతో కుర్చీలో ఉంటాడు.

"వాడి దూకుడికి నా పెళ్లే ఆగిపోయేది" అని అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది, మావయ్య ఎదురుగానే. నాకు గుడివాడలో పరీక్ష పడ్డ రోజు బస్సు రాలేదు. మావయ్య బందరులో మా ఇంట్లోనే ఉన్నాడు, బండి తాళం చేతిలో పట్టుకుని. అమ్మ పంపలేదు. ఆటో దొరికి వెళ్లేసరికి గేటు మూసేశారు. సాయంత్రం తిరిగొస్తే మావయ్య గుమ్మంలో తల దించుకుని కూర్చున్నాడు. తప్పు చేసినవాడు అంత నెమ్మదిగా ఎలా ఉంటాడా అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

ఈ ఎండాకాలం మావయ్య ఒక పాత టూ స్ట్రోక్ బండి కొని బాగు చేయించాడు. పాత రైడర్ల వాట్సాప్ గ్రూపు ఒకటుందిట. "ఆదివారం చర్చి అయ్యాక మావాళ్లు వస్తారు. వాళ్ల కబుర్లు రాసిపెడతావేంటే? నువ్వు రాస్తావుగా" అన్నాడు ఫోనులో. నేను రాస్తానని ఎవరికీ తెలియదనుకున్నాను అప్పటిదాకా. బస్సులో వెళ్లాను.

వచ్చింది ఇద్దరే. ఒకాయన బందరులో చేపల వ్యాపారం చేస్తాడు. రెండో ఆయన గుడివాడలో ఈ బళ్లు విప్పి బిగించడంలో ముసలివాడైన మేస్త్రి. నేను అరుగు చివర నోటుపుస్తకంతో కూర్చున్నాను. మేస్త్రి కిక్కు కొట్టగానే పెరడంతా నీలం పొగ. ముగ్గురూ ముక్కులు ఎగబీల్చారు, బిర్యానీ మూత తీసినట్టు.

"అమ్మాయిగారూ, రాసుకోండి" అన్నాడు చేపలాయన. "గుడ్లవల్లేరు గేటు కాడ బందరు ప్యాసింజరు కూతెయ్యగానే మేమూ లాగేవాళ్లం. పెడన గేటు పడకముందే దాటితే మాది గెలుపు. నేనైతే వెనక ఐసు పెట్టెతో గెలిచా."

"నువ్వు గెలిచావా? ఆ రోజు రైలు వడ్లమన్నాట్లో ఆగిపోయింది బావా" అన్నాడు మావయ్య.

"ఆగితే ఆగిందిలే. పెడన ముందెవరొచ్చారు?"

"నీ చేపలొచ్చాయి, వాసన ముందే."

నేను రెండు మాటలూ రాసి, రెండింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను. ఎవరైనా చెబుతుంటే వివరాలు కలవకపోతే నాకు లోపల ఏదో గీరుతూ ఉంటుంది.

మేస్త్రి నా వైపు తిరిగి ఓపిగ్గా చెప్పాడు. "ఈ బళ్లకి ఆయిలు వేరే ఉండదమ్మా. పెట్రోల్లోనే కలపాలి. బంకులో తొందరపడి ఆయిలు మర్చిపోయావనుకో, కాసేపు బానే పోద్ది. తర్వాత పిస్టను వేడెక్కి బిగుసుకుపోద్ది. వెనక చక్రం కదల్దు. మనిషి గాల్లోకి. అందుకే ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్చి మీదుండాలి. మీ మావయ్యోళ్లు పడ్డ బండి నేనే విప్పా. పిస్టను గీసుకుపోయుంది. ట్యాంకులో ఆయిలు వాసనే లేదు."

"మరి గేదె?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"గేదేంటమ్మా?" అని మేస్త్రి నవ్వాడు.

మావయ్య లేచాడు. "టీ చల్లారిపోద్ది, తాగండి ముందు."

ఆ తర్వాత నేను కబుర్లు రాయలేదు, మావయ్యనే చూస్తూ కూర్చున్నాను. బండిలో పెట్రోలు పోసేటప్పుడు ఆయిలు డబ్బా మూతతో రెండుసార్లు కొలిచాడు, ట్యాంకు అటూ ఇటూ ఊపాడు, వంగి వాసన చూశాడు. ఇలాంటి మనిషి ఆయిలు మర్చిపోయాడంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ అప్పుడు కుర్రతనం కదా, దెబ్బ తగిలాకే ఈ జాగ్రత్త వచ్చిందేమో అనీ అనిపించింది.

వెళ్లబోతూ మేస్త్రి నన్ను పక్కకి జరగమన్నాడు. "అటు నిలబడకమ్మా, సైలెన్సరు కాలుద్ది. అది వెనక కూర్చున్నోళ్లనే కరుస్తుంది, పిక్క మీద. ముందోడికి కాలితే మోకాలి కాడ, ఇంజను పక్కన."

మావయ్య అప్పటికి గొంతుక్కూర్చుని చక్రం తుడుస్తున్నాడు. లుంగీ పైకి కట్టి ఉంది. కుడి పిక్క మీద అరచేయంత మచ్చ, నున్నగా మెరుస్తోంది. వాళ్లిద్దరూ వీధి మలుపు తిరిగాక అడిగాను.

"మావయ్యా, అది ఎప్పటిది?"

"ఇదా? కాలు విరిగిన రోజుదే" అన్నాడు, చక్రం మీంచి తల ఎత్తకుండా. తర్వాత తుడవడం ఆగిపోయింది. మెల్లిగా లుంగీ కిందికి దించాడు. "నువ్వు రాసేది రైలు పందేల గురించేగా?"

"అవును మావయ్యా" అన్నాను. తిరుగు బస్సులో బందరు దాకా నాన్న గురించే ఆలోచించాను.

మా నాన్న చర్చి పెద్ద. తలుపు గడియ వేసి మళ్లీ వచ్చి లాగి చూస్తాడు. స్కూటరు మీద ఎద్దుబండి వెనక కూడా హారను కొట్టకుండా వెళ్తాడు. అదంతా ఆయన స్వభావమనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ సాయంత్రం మాత్రం ప్రతి జాగ్రత్తా నాకు అనుమానంగా కనిపించింది. వాకిట్లో పేపరు చదువుతుంటే ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, కవుతరం దగ్గర గేదె ఏ రంగు?"

"నలుపే కదమ్మా, గేదెలన్నీ..." అని నా మొహం చూసి ఆగాడు.

"మేస్త్రి వచ్చాడు ఇవాళ."

పేపరు మడిచాడు. చాలాసేపు మడుస్తూనే ఉన్నాడు. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మూడోది చదివేలోపు చెప్పుకోవచ్చు. బండి పడేనాటికి రెండు చదివారట.

"ఇంకొకటి మిగిలుంది. మీ తాతయ్యకి బండి పందేలంటే ఒళ్లు మంట. ఆస్పత్రికి వస్తూనే, ఎవడ్రా నడిపింది అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి మీ మావయ్య, నేనే నాన్నా అన్నాడు."

"ఆయిలు?"

"కలపనిది నేనే. రైలుతో పందెం కదా, అది వెళ్లిపోతుందని తొందర."

"గేదె?"

"అదీ నేను చెప్పిందే" అన్నాడు నాన్న. "పెళ్లయ్యాక చెబుదామనుకున్నాను. మీ అమ్మ వాడిని తిట్టిన ప్రతిసారీ అనుకున్నాను."

"మావయ్య ఇంకా తిట్లు తింటున్నాడు నాన్నా."

నాన్న లేచి వంటింట్లోకి వెళ్లాడు. అమ్మ బొమ్మిడాయిలు ఉప్పేసి రుద్దుతోంది. మంచినీళ్లు తాగి, ఏమీ చెప్పకుండానే తిరిగొచ్చేస్తాడని నాకు గట్టి అనుమానం. తలుపు పక్కన నిలబడ్డాను. గొంతు సవరించుకోవడం వినబడింది. తర్వాత చాలా చిన్నగా మాటలు. చేపలు రుద్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మళ్లీ చెప్పండి" అంది అమ్మ.

నాన్న మళ్లీ చెప్పాడు. అమ్మ చేతులు కడుక్కోకుండానే నన్ను పిలిచి మావయ్యకి ఫోను కలపమంది. స్పీకరు పెట్టి అమ్మ మొహం దగ్గర పట్టుకున్నాను.

"ఒరేయ్, ఇన్నేళ్లు నా చేత తిట్లు తిన్నావు, నోరు లేదంట్రా నీకు?"

"అలవాటైపోయిందే అక్కా."

"అలవాటంట!" అంది అమ్మ. "వచ్చే ఆదివారం అవనిగడ్డ వస్తున్నా. చర్చికి నన్ను నీ బండి మీదే తీసుకెళ్లు. ఎంతమంది చూస్తే అంత మంచిది. విన్నావా?"

"సరే అక్కా" అన్నాడు మావయ్య.

నేను ఫోను పెట్టేశాను. నాన్న నెమ్మదిగా గుమ్మం వైపు జరుగుతున్నాడు. అమ్మ మోచేత్తో పీట ఇటు నెట్టింది.

"ఎక్కడికండీ? కూర్చోండి. మీ స్కూటరు తాళం అమ్మాయికిచ్చి, ఇంకా ఏమేం ఉన్నాయో మొదట్నుంచీ చెప్పండి."

నాన్న జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టి, పీట మీద కూర్చున్నాడు.