ఆ గడిలో వ్యవసాయం అని రాశాను

ఆరేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేం కాదు, బడిపిల్లలకు కూడా తెలిసిన మాట. వ్యవసాయం. ఒక ఫారం మూడో పేజీలో, 'చేసిన పనులు' అన్న గడిలో, నా చేత్తో నేనే రాశాను. కింద నా సంతకం కూడా ఉంది. ఆ మాట గుర్తుకు రాని రోజు లేదు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఇందులో కూడా కొంత పిరికితనం ఉందని నాకు తెలుసు.

మాది పటాన్‌చెరు దగ్గరే. అప్పట్లో నేను నగరంలోని ఒక పెద్దాసుపత్రి వాళ్ల పరిశోధనలో పనిచేసేదాన్ని. మోటార్ న్యూరాన్ జబ్బు మీద పరిశోధన. కండరాలను కదిలించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోవడం ఆ జబ్బు. మొదట గుండీ పెట్టుకోవడం రాదు. తర్వాత ముద్ద ఎత్తడం రాదు. నడక పోతుంది, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి. తెలివి మాత్రం చాలామందికి చెక్కు చెదరదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయి. ఎందుకొస్తుందో చాలామంది విషయంలో డాక్టర్లకు కూడా తెలియదు. అది తెలుసుకోవడానికే మమ్మల్ని రోగుల ఇళ్లకు పంపేవారు. ఎక్కడ పుట్టారు, ఏ నీళ్లు తాగారు, ఏయే పనులు చేశారు, ఆ పనుల్లో చేతికీ ముక్కుకీ ఏమేం తగిలాయి, అన్నీ అడిగి రాయాలి. మాకు పని నేర్పిన డాక్టరమ్మ ఒకటే చెప్పేది. మీకు ముఖ్యమనిపించింది కాదు, వాళ్లు చెప్పింది రాయండి అని.

ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఏ గడీ ఖాళీగా వదలదని. ఆ గొప్ప తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

అలా నేను వెళ్లిన రోగుల్లో ఒకరు యాదయ్య అన్న. ఇల్లు ఫ్యాక్టరీల పక్కనే ఉన్న చిట్కుల్‌లో. రెండు గదుల రేకుల ఇల్లు. మనిషికి నలభై ఐదు దాటలేదు. సొంతూరు గుమ్మడిదల వైపు. ముప్పై దాటేదాకా పొలం చేసి, తర్వాత ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి వచ్చాడు. నేను వెళ్లేసరికి ఆయన రెండు చేతులూ ఒళ్లో పడి ఉన్నాయి, ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు. భుజం దగ్గర చర్మం కింద కండ అదురుతూనే ఉంది. మాట సరిగ్గా రావడం లేదు. ఆయన భార్య లక్ష్మమ్మ పక్కనే కూర్చుని ఒక్కో మాటా నాకు తిరిగి చెప్పింది. ఆమెకు చదువు రాదు గానీ ఆయన మాట మాత్రం ఒక్కటీ పొల్లుపోనివ్వలేదు. గంట గడిచాక చాయ్ పెడతానని లోపలికి వెళ్లింది. అప్పటికి పనుల గడి దగ్గరికి వచ్చాం. నేను ముందుకు వంగి చెవి పెట్టాను.

"పొలం రాసినవు గదా చెల్లె. ఇగ కంపెనీ రాయి," అన్నాడు. "తొమ్మిదేండ్లు డ్రమ్ములు కడిగిన. సాల్వెంట్ డ్రమ్ములు, ఘాటు కెమికల్ వి. అండ్ల తలకాయ పెట్టి గుడ్డతోని తుడిసిన. గ్లౌజులు లేకుండె. కండ్లు తిరుగుతుండె. ఎనుక గేటు కాడ రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు పక్కపొంటి."

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయన ఎన్నిసార్లు ఆగాడో. ఆగినప్పుడల్లా నేను ఎదురుచూశాను. చివరి ముక్క విన్నాక నా పెన్ను కదల్లేదు.

ఆ షెడ్డు నాకు తెలుసు. మా ఆయన పనిచేసే కంపెనీదే. ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోతే నేనే ఆ వెనుక గేటు దాకా తీసుకెళ్లి ఇచ్చేదాన్ని. అప్పటికి కొన్ని నెలల ముందే ఆయన్ని ఆ షెడ్డుకు సూపర్‌వైజర్ని చేశారు.

ఏమైంది నాకు అప్పుడు? ఎన్నిసార్లు అడుక్కున్నానో. అంతకు ముందు ఏడాది, ఊళ్లలో కంపు కొడుతోందని, బోరునీళ్లు పాడయ్యాయని జనం గొడవ చేస్తే ఆ కంపెనీ కొన్ని వారాలు మూతపడింది. బయటివాళ్లకు లోపలి సంగతులు ఎవరు చెప్పారని పనివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఆ వారాల్లో మా ఆయన ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చునేవాడు, పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. నాకు ఆ గోడ గుర్తొచ్చింది. నా సంతకం ఉన్న కాగితం మీద ఆ షెడ్డు సంగతి ఉంటే, రేపు అది ఎవరి కంటైనా పడితే, ఈమె ఎవరి భార్య అని ఆరా తీస్తే? ఇంతే ఆలోచించాను. నన్నెవరూ బెదిరించలేదు. ఎవరూ ఒక్క మాట అనలేదు. నా అంతట నేనే భయపడి నా అంతట నేనే లొంగిపోయాను.

గడిలో అప్పటికే రాసిన 'వ్యవసాయం' పక్కన ఇంకేమీ రాయలేదు. అబద్ధం రాయలేదు, గమనించారా? అదీ నా తెలివి. ఆయన పొలం చేసింది నిజమే కదా. సగం నిజం రాసి మిగతా సగం మింగేశాను.

"రాసినవా చెల్లె?"

"రాసిన అన్నా."

"జెర సదివి ఇనిపియ్యి."

ఆయన ముందుకు వంగలేడు. నా ఒళ్లోని కాగితం ఆయనకు కనిపించదు. నేను కాగితం వైపే చూస్తూ, దాని మీద లేని మాటలు చదివాను. డ్రమ్ములు కడిగే పని, తొమ్మిదేళ్లు, సాల్వెంట్, తల లోపల పెట్టి తుడవడం, గ్లౌజులు లేవు, కళ్లు తిరగడం. ఒక్కటీ వదల్లేదు. తడబడలేదు కూడా. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"మంచిగ రాసినవు," అన్నాడు. "నాకేం ఒరగదని ఎరుకే. అండ్ల ఇంక మనోళ్లు పనిజేస్తున్నరు. ఆళ్ల కోసం."

లక్ష్మమ్మ చాయ్ తెచ్చింది. ఆయన బొటనవేలు పట్టుకుని, సిరా అద్ది, ఫారం కింద తనే నొక్కింది. నేను ఆ చాయ్ తాగి, వస్తానని చెప్పి, బస్సెక్కాను.

సరిదిద్దుకునే దారి లేకపోలేదు. ఫారాలు చూసేటప్పుడు డాక్టరమ్మ ఆగింది. చిట్కుల్‌లో ఉంటూ ఈ మనిషి ఏ ఫ్యాక్టరీలోనూ పనిచెయ్యలేదా అని అడిగింది. లేదు మేడం, పొలమే అన్నాను. మొదటిసారి భయంతో దాచాను. రెండోసారి, ఆ దాచింది బయటపడుతుందన్న భయంతో దాచాను. మూడోసారి దాచాల్సిన అవసరమే రాలేదు, ఎవరూ అడగలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, దీనికే నాకు ఎక్కువ సిగ్గు. ఆ ఫారంలో కంపెనీ పేరు రాసే చోటే లేదు. ఏ పని, ఎన్నేళ్లు, ఏం తగిలింది, అంతే. రోగి పేరు బదులు ఒక నంబరు. డ్రమ్ములు కడిగే పని అని రాస్తే అది ఏ షెడ్డో ఎవరికీ తెలిసేది కాదు. ఈ సంగతి నాకు మొదటి రోజే నేర్పారు. మరి దేనికి భయపడ్డాను? భయపడటం అలవాటై భయపడ్డానా?

మరుసటి ఏడు యాదయ్య అన్న పోయాడు. వెళ్లాను. లక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని, మా ఆయన చెప్పిందంతా రాసుకున్న మేడం ఈమెనే అని అక్కడున్న అందరికీ చూపించింది. నేను తలాడించాను.

మా చర్చిలో ఎవరి పాపం వాళ్లు విడిగా చెప్పుకునే పద్ధతి లేదు. ఆదివారం అందరం లేచి నిలబడి ఒకే గొంతుతో ఒప్పుకుంటాం. ఇన్నేళ్లూ నాది ఆ గుంపులో కలిపేశాను. అన్ని గొంతుల మధ్య నా గొంతు నాకే వినిపించేది కాదు.

ఆయన జబ్బు ఆ డ్రమ్ముల వల్లే వచ్చిందని నేను అనలేను. ఎవరూ అనలేరేమో. కానీ నాలుగు ఊళ్ల నుంచి వచ్చిన నాలుగు ఫారాల్లో ఒకే పని కనిపిస్తే, చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగేవారు కదా, అక్కడింకా పనిచేస్తున్న వాళ్ల చేతులు చూడాలని ఎవరికైనా తోచేది కదా. ఆ ఆగే క్షణాన్ని నేను తీసేశాను. ఎవరి ఉద్యోగం కాపాడుకోవాలని తీసేశానో, ఆ మా ఆయన ఈరోజు కూడా ఆ షెడ్డులోనే ఉన్నాడు.

ఇప్పుడు నా భయం వేరు. పొద్దున మా ఆయన చొక్కా వేసుకునేటప్పుడు నేను వంటింటి గుమ్మంలో నిలబడి గుండీలు చూస్తాను. పైనుంచి మూడోది పెట్టడానికి ఈమధ్య ఆలస్యమవుతోంది. మొన్న బండి తాళం చేతిలోంచి జారింది. పోయిన వారం ఆయన బొటనవేలి మొదట్లో కండ అదరడం చూశాను. నిద్ర చాలకపోయినా అదురుతుందని నాకు తెలుసు, ఎంతోమందికి నేనే ఆ ధైర్యం చెప్పాను. అదే ధైర్యం నాకు నేను చెప్పుకుంటే పనిచెయ్యడం లేదు. డాక్టరు దగ్గరికి పోదాం అని నోటిదాకా వస్తుంది. పోతే, అక్కడ ఎవరో ఒకరు పెన్ను తీసి, ఏం పని చేస్తారు అని అడుగుతారు. ఆయన చెప్తాడు. ఆ జవాబు రాసుకునే చేతిని చూస్తూ నేను పక్కన కూర్చోవాలి.

నిన్న కూడా ఆ మాట అనలేదు. ఏంది, గట్ల సూస్తున్నవ్ అని మా ఆయనే అడిగాడు. ఏం లేదన్నాను.

డాక్టరమ్మ నంబరు ఇంకా నా ఫోన్లో ఉంది. చేస్తానో లేదో తెలియదు. చేస్తానని మీకు మాట ఇవ్వను, మాట ఇచ్చే అర్హత నాకు లేదు. క్షమించమని లక్ష్మమ్మను అడిగే ధైర్యమూ లేదు. ఇవాళ నాకు చేతనైంది ఒకటే.

పేరు: యాదయ్య. చేసిన పనులు: వ్యవసాయం. తర్వాత తొమ్మిదేళ్లు ఫ్యాక్టరీలో సాల్వెంట్ డ్రమ్ములు కడగడం. తల డ్రమ్ము లోపల పెట్టి గుడ్డతో తుడిచేవాడు. గ్లౌజులు లేవు. కళ్లు తిరిగేవి. వెనుక గేటు దగ్గర, నీళ్ల ట్యాంకు పక్కన, రేకుల షెడ్డు. తన తర్వాత అక్కడ పనిచేసేవాళ్ల కోసం ఇది రాయమన్నాడు.

రాసిన అన్నా.