కార్మెల్‌లో సెయింట్ సమాధి, మా అమ్మాయి హోంవర్క్

నాలుగో తరగతి చదివే మా అమ్మాయి అన్వికి స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. స్పెయిన్ నుంచి వచ్చి కాలిఫోర్నియా ఆదివాసులకు క్రైస్తవం బోధించిన సెయింట్ గురించి రాయాలి. ఇంటర్నెట్‌లో చూసి రాసేయమంటే వినలేదు. కార్మెల్‌లో ఉన్న ఆయన సమాధి చూడాల్సిందేనంది. వారమంతా ఆఫీసులో నలిగిన నాకు శనివారం ఉదయం తొమ్మిదికి, కాలిఫోర్నియాలోనే ఉన్న మా ఊరు డబ్లిన్‌లో కారు తీయక తప్పలేదు.

680 హైవే మీదుగా 101 ఎక్కి, 156 దాకా బాగానే వెళ్ళాం. అక్కడి నుంచి కార్లు అంగుళం అంగుళంగా కదిలాయి. రెండు గంటల దారికి మూడు గంటలు పట్టింది. పార్కింగ్ కోసం రెండు చుట్లు తిరిగి, టికెట్లు కొని ఆయన స్థాపించిన పాత మిషన్ ఆవరణలోకి వెళ్తే, అక్కడి చర్చిలో పెళ్ళి జరుగుతోంది. సమాధి ఉన్నది అందులోనే. రెండింటి దాకా ఎవరినీ పంపరట. కనుక్కోకుండా బయల్దేరింది నేనే, ఇంకెవరి మీద విసుక్కోను?

పక్కనున్న శ్మశానంలో కూర్చున్నాం. సమాధుల చుట్టూ పెద్ద ఆల్చిప్పలు పేర్చి ఉన్నాయి. అన్వి స్కూలు పుస్తకం తెరిచింది.

"నాన్నా, పేగన్స్ అంటే చాలా గాడ్స్‌ని వర్షిప్ చేసేవాళ్ళట. మరి మనం కూడా పేగన్సా?"

"ముందు వాళ్ళడిగింది రాసెయ్ తల్లీ. తొందరగా ఇంటికి పోదాం."

ఆల్చిప్పల మీద పడిన ఆకులు ఏరుతున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి పలకరించింది. తన పూర్వీకులు ఇక్కడి ఆదివాసులేనంది. ఆ సెయింట్ మీవాళ్ళకు మంచి చేశారా అని అన్వి ఇంగ్లిష్‌లో సూటిగా అడిగేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మా ముత్తవ్వ తల్లికి ఇక్కడే బాప్టిజం ఇచ్చారు" అందావిడ. "కొత్త పేరు రిజిస్టర్లో రాశారు. పాత పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాప్టిజం అయ్యాక సొంత ఊరికి వెళ్ళనిచ్చేవారు కాదు. పారిపోతే పట్టుకొచ్చి కొట్టేవారు."

"మరి మీరెందుకు వస్తారు?"

"నేను క్యాథలిక్‌నే. మావాళ్ళూ ఇక్కడే ఉన్నారు. వస్తాను, కోపమొస్తుంది, ప్రార్థన చేసుకుని వెళ్తాను."

రెండింటికి తలుపులు తెరిచారు. అన్వి సమాధి దగ్గర ఒక్క నిమిషమే నిలబడింది. బయటికొచ్చి, "సెయింట్ ఆదివాసులకు ఎలా సహాయపడ్డారు?" అన్న ప్రశ్న కింద రాసింది: "ఆయన వాళ్ళకు దేవుణ్ణి ఇచ్చారు. వాళ్ళ పేర్లు తీసేసుకున్నారు. మీకు ఇష్టమేనా అని అడగలేదు."

టీచర్ మార్కులు తగ్గిస్తారేమోనని నోటిదాకా వచ్చింది. పుస్తకం సంచిలో పెట్టుకోమన్నాను.

తిరుగు దారిలోనూ ట్రాఫిక్ అంతే. కానీ అన్వి నన్నడిగిన దానికి జవాబు చెప్పడానికి తీరిక దొరికింది. ఆ పుస్తకం లెక్కలో మనమూ పేగన్లమే, కానీ అది మనం పెట్టుకున్న పేరు కాదని చెప్పాను. ఇన్నేళ్ళుగా నేనూ ఇక్కడి ఆదివాసుల్లో ఎవరినీ వాళ్ళ పేరేమిటని అడగకుండా ఈ నేల మీద కారు నడుపుతున్నానని అప్పుడు తోచింది.

శనివారం వెళ్ళేవాళ్ళు చర్చిలో పెళ్ళి ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఉన్నా ఫర్వాలేదు, శ్మశానం తెరిచే ఉంటుంది.