రాకెట్ పోయే రెండు నిమిషాలు

మా ఊళ్ళో ఎవరి బతుకైనా పది మంది కళ్ళ ముందే జరుగుతుంది. నా సంచీలో ఏం కూరగాయలున్నాయో నా పొయ్యి కంటే ముందు మా వీధికి తెలుస్తుంది. బడిలో పాఠాలు ముగించుకొని సాయంత్రం బస్సు దిగితే, "ఈ పొద్దు అరగంట లేటయిందే టీచరమ్మా" అని అరుగుల మీద నుంచి పలకరించేవాళ్ళు నలుగురుంటారు. ఇదంతా నాకు అలవాటే. అందుకే ఫోన్‌లో ఫొటోలూ కబుర్లూ పెట్టుకునే యాప్ నా మీద కన్నేసిందని నేను ఇంతెత్తున లేస్తే మా ఆయనకు నవ్వొచ్చింది. ఆయన వరి పండిస్తాడు. ఫోన్‌ను ఎక్కువగా టార్చిలైటు కింద వాడతాడు.

"వీధిలో వాళ్ళు చూస్తే లేని నొప్పి, ఎవురో ముక్కూ మొగం తెలీనోడు చూస్తే నీకేంది?" అన్నాడు.

"వీధిలో వాళ్ళ సంచీ నేనూ చూస్తా. వాడి సంచీ నాకు కనపడదే" అన్నాను.

నా కోపానికి కారణాలున్నాయి. మోకాలు నొప్పిగా ఉందని మా చెల్లెలితో ఫోన్‌లో చెప్పుకున్నాను. అన్నం వండేలోపు మోకాళ్ళ నూనె ప్రకటనలు నాలుగు వచ్చాయి. ఊరికే చూసిన చీర ఒకటి వారం రోజులు నా వెంట పడింది. వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ఒకరోజు మాత్రం "వీరు మీకు తెలిసి ఉండవచ్చు" అంటూ ఒక బట్టతల ఫొటో చూపించింది. ముప్పై ఏళ్ళ కిందట నా పెళ్ళిచూపులకు వచ్చి, ఉప్మా రెండుసార్లు వేయించుకొని తిని, అమ్మాయి పొట్టి అని కబురు పంపిన మనిషి అతను. ఈ సంగతి మా ఆయనకే సరిగా తెలియదు. యాప్‌కు ఎవరు చెప్పారు?

కళ్ళజోడు పెట్టుకొని సెట్టింగుల్లోకి దిగాను. నా పోస్టులు ఎవరు చూడొచ్చు, నా ఫోన్ నంబరు ఎవరు వెతకొచ్చు, నేనెక్కడున్నానో ఎవరికి తెలియొచ్చు అని గదిలో గదిగా సాగుతుంది ఆ వ్యవహారం. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకునేది. రెండు ఆదివారాలు కూర్చున్నాక మొత్తం భద్రం చేశాననుకున్నాను. మర్నాడు మా హెడ్మాస్టరు గారు, "ఏం మేడం, మోకాళ్ళు ఎట్టున్నాయ్?" అని అడిగారు. నేను చేరిన మోకాళ్ళ నొప్పుల గ్రూపు పేరు ఆయనకు కనిపించిందట.

అయినా ఆ యాప్‌లో నుంచి బయటికి రాలేదు. నిజం చెప్పాలంటే దానికి కారణం రాకెట్. శ్రీహరికోట మాకు చెరువు అవతల ఉన్నట్టే. రాకెట్ పోయే రోజు ఊరంతా మిద్దెలెక్కి తూర్పుకు తిరిగి నిలబడుతుంది. ఆ రెండు నిమిషాలు కోడికి మేత వేసే ముసలమ్మ కూడా తల ఎత్తే ఉంటుంది. మా మిద్దె మీద నుంచి తీసిన వీడియో నేను పెడితే పాత విద్యార్థులు, దూరపు చుట్టాలు ఎగబడి చూసేవారు. "మేడం రాకెట్" అని దానికి పేరు కూడా పడింది. రాకెట్‌ను నేనే పంపినట్టు మురిసిపోయేదాన్ని.

ఇక అక్క సంగతి చెప్పాలి. ఆమెది మా తూర్పు పక్కిల్లు. వరసకు అక్క కాదు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ పిట్టగోడ మీదుగా గిన్నెలు ఇచ్చిపుచ్చుకొని అక్క అయింది. వాళ్ళు చర్చికి పోతారు, మేము గుడికి పోతాం. క్రిస్మస్ కేకూ ఉగాది పచ్చడీ మాత్రం ఆ గోడ మీదుగానే దాటాయి. ముందు గదిలో మిషను పెట్టుకొని ఊరందరి జాకెట్లూ కుడుతుంది. శుక్రవారం మిషను మూసేస్తుంది, ఆ రోజు ఉపవాస ప్రార్థన. ఆడవాళ్ళంతా పొద్దున్నే ఆమె ఇంట్లో చేరి, పాటలు పాడి ప్రార్థన చేసి, సాయంత్రం నిమ్మరసంతో ఉపవాసం విడుస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ కూటానికి అక్కే పెద్ద. ఎవరి చెయ్యి అయినా బిస్కెట్ కోసం సంచీలోకి పోతే, అక్క కళ్ళు తెరవకుండానే పసిగడుతుందని చెప్పుకునేవారు.

ఆ శుక్రవారం రాకెట్ ఉంది. బడిలో పర్మిషన్ పెట్టి ముందే వచ్చి మిద్దె ఎక్కాను. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళు రోడ్డు మీదికి పోయారు చూడటానికి. రాకెట్ లేచింది. నేను ఫోన్‌ను తూర్పుకు పట్టుకొని, కళ్ళు మాత్రం ఆకాశంలో పెట్టాను. అది మబ్బుల్లో దూరగానే, అందరికంటే ముందు పెట్టాలనే ఆత్రంలో అక్కడికక్కడే వీడియో ఎక్కించాను. యాప్ ఆ బొమ్మలో కింది మూల ఒక చిన్న చదరం గీసి ఏదో అడిగింది. కళ్ళజోడు కింద ఉంది. ఫోన్ ఏదడిగినా "అవును" అనడం నాకు అలవాటు, లేకపోతే మళ్ళీ అడుగుతుంది. అవును అన్నాను.

అది అడిగింది, "ఈమె మీ స్నేహితురాలేనా, పేరు జత చేయమంటారా" అని. చదరంలో ఉన్నది అక్క.

మనవరాలి ఫొటోలు చూసుకోవడానికి అక్కకు ఆ ఖాతా తెరిచి ఇచ్చింది కూడా నేనే. చర్చి ఆడవాళ్ళందరినీ ఒక్కొక్కరినే వెతికి అందులో చేర్చి పెట్టిందీ నేనే. అలా నా రాకెట్ నేరుగా వాళ్ళందరి ఫోన్లలో దిగింది.

వీడియోలో పైన రాకెట్ నిప్పులు కక్కుతూ పోతోంది. కింద, ఎండబెట్టిన మిరపకాయల పక్కన, అక్క పీట వేసుకొని కూర్చుంది. ఒళ్ళో పళ్ళెం. పళ్ళెంలో అన్నం, చేపల పులుసు. ముందు రోజుదని రంగు చూస్తేనే తెలుస్తుంది. రాకెట్ మబ్బులో దూరే సమయానికి అక్క నోట్లో నుంచి ముల్లు తీసి, పళ్ళెం అంచున జాగ్రత్తగా పెట్టింది. ఏ తొందరా లేదు. ఊరంతా పైకి చూస్తోంది, తనను చూసేవాళ్ళు లేరు.

మొదటి కామెంట్ "జై హింద్" అని వచ్చింది. రెండోది, "పులుసులో మామిడికాయ ఏసినారా అక్కా?" మూడోది, "ఈ పొద్దు శుక్రవారం గదా."

మూడోది చదివాక నేను కళ్ళజోడు పెట్టుకొని వీడియో చూశాను. వెంటనే తీసేశాను గానీ అప్పటికే అది ఊళ్ళో గ్రూపులన్నీ తిరుగుతోంది. ఎవరో ముల్లు తీసే దగ్గర నెమ్మది చేసి మరీ పంపారు.

"రాకెట్ యాడికి పోయిందో ఎవురికీ పట్టలేదు గానీ, అక్క నోట్లోకి ముక్క పోయింది మాత్రం అందురికీ తెలిసింది" అన్నాడు మా ఆయన. నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు అక్క ఇంటికి పోయాను. మిషను ముందు కూర్చొని సూదిలో దారం ఎక్కిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయాను. తప్పు యాప్‌ది, అది మనుషుల మొహాలు గుర్తు పడుతుంది, అడగకూడనివి అడుగుతుంది, సెట్టింగులు చాలా మోసం, హెడ్మాస్టరు గారికి నా మోకాళ్ళు కూడా తెలిసిపోయాయి. అక్క అంతా విన్నది.

"ఆ యాప్ నాకు తెలీదు మే. నాకు తెలిసింది నువ్వు" అన్నది.

మిషను మీద, దారపు ఉండల మధ్య, బిళ్ళల అట్ట కనిపించింది. నేను దాని వైపు చూడటం అక్క చూసింది.

"షుగరు. బిళ్ళ ఏసుకొని తినకపోతే కళ్ళు తిరగతాయి. పోయినేడు ఈ మిషను మీదే పడినా. అందురికీ ఉపాసం చెప్పేదాన్ని, నేను ఉండలేనని ఏ మొగం పెట్టుకొని చెప్పేది? శుక్రారం మిరక్కాయలు తిప్పొస్తానని మిద్దెక్కి నాలుగు ముద్దలు తినేదాన్ని. రాకెట్ రోజు ఒక్కటే నిమ్మళంగా కూచ్చొని పులుసన్నం తిన్యా."

అంతే చెప్పి మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ శబ్దంలో నేనేం చెప్పినా వినపడదు. నాకు చాలా సిగ్గేసింది. ఎవడో నా ఇంట్లోకి తొంగి చూస్తున్నాడని నెలల తరబడి గోల పెట్టిన దాన్ని, నేనే అక్క పళ్ళెంలోకి తొంగి చూసి ఊరంతటికీ చూపించాను. ఇన్నేళ్ళ అక్క నాకు మళ్ళీ దక్కుతుందో లేదో తెలియలేదు.

చర్చి పెద్దలు మంచివాళ్ళే. ఆరోగ్యం బాగాలేనివాళ్ళు తిని రావచ్చని పాస్టరు గారు ఆదివారం ప్రకటించారు. అక్కకు అది పుండు మీద కారమైంది. కూటానికి పెద్దగా ఉండనంది. ప్రార్థన వేరే వాళ్ళింటికి మారింది. పిట్టగోడ మీద మా గిన్నె ఒకటి ఖాళీగా, బాగా తోమి ఉంది. మా ఇళ్ళ మధ్య గిన్నె ఖాళీగా తిరిగి రావడం అదే మొదటిసారి.

ఆ రోజే యాప్‌లో నుంచి బయటికి పోవాలనుకున్నాను. మర్యాదగా అందరికీ చెప్పి పోదామని, "ఇక్కడి నుంచి సెలవు తీసుకుంటున్నాను" అని పోస్టు పెట్టాను. ఎవరూ చివరి దాకా చదవలేదు. రిటైర్మెంట్ శుభాకాంక్షలు మేడం అన్నారు కొందరు. ఒక పాత విద్యార్థి చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మీ ఆత్మకు శాంతి కలగాలి అన్నాడు. దాని కింద ఇంకో ఇద్దరు దండం పెట్టారు. మా చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. బతికే ఉన్నానని చెబితే, "అట్టయితే నన్ను బ్లాక్ చేసినావా?" అని కోప్పడింది.

బయటికి పోయే దారి వెతకడానికి ఒక పూట పట్టింది. చేరేటప్పుడు ఎర్ర తివాచీ పరిచిన యాప్, పోతానంటే పెళ్ళింటివాళ్ళు చుట్టాలను ఆపినట్టు కాళ్ళకు అడ్డం పడింది. ఎందుకు పోతున్నారు? కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోకూడదా? చివరికి "వీరంతా మిమ్మల్ని మిస్ అవుతారు" అంటూ కొన్ని ఫొటోలు పరిచింది. మొదటి ఫొటో అక్కది. ఖాతా తెరిచిన రోజు మా మిద్దె మీద నేను తీసిందే, నవ్వుతూ ఉంది. మా గురించి అన్నీ తెలుసనుకునే యాప్‌కు అక్క నాతో మాట్లాడటం లేదని మాత్రం తెలియదు. కళ్ళు తుడుచుకొని నొక్కాను.

నెల రోజులు లోపలికి రాకపోతే ఖాతా పోతుందంది. పది రోజులయ్యాక పోయిందో లేదో చూద్దామని లోపలికి పోయాను. "తిరిగి స్వాగతం" అంది. దాంతో మళ్ళీ మొదటి నుంచీ లెక్క. రెండోసారి ఆ యాప్‌నే ఫోన్‌లో నుంచి పీకేసి, గడువు తేదీ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన రాసుకున్నాను. ఆ తేదీ దాటింది. నేను లేకపోయినా ఎవరికీ ఏ లోటూ వచ్చినట్టు లేదు. పెళ్ళిచూపుల బట్టతల కూడా వెతుక్కుంటూ రాలేదు.

తరువాతి రాకెట్ బుధవారం అన్నారు. ఏదో సాంకేతిక కారణమని వాయిదా వేసి వేసి శుక్రవారానికి తెచ్చారు. పర్మిషన్ పెట్టి వచ్చి, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద పెట్టేసి మిద్దె ఎక్కాను. తూర్పు మిద్దె మీద మిరపకాయలు లేవు, ఎవరూ లేరు. వీధిలో జనం గోల మొదలైంది. అంతలో అక్క మెట్లెక్కి వచ్చింది. చేతిలో మూత పెట్టిన పళ్ళెం. నన్ను చూసి ఆగింది. నా చేతుల వైపు చూసింది.

"ఫోన్ యాడ?"

"కింద పెట్టొచ్చినా అక్కా."

"ఆ దాంట్లో ఉండావా ఇంకా?"

"లేను. పోయినా."

అక్క పీట లాక్కుంది.

"అట్టయితే అటు తిరుగు" అంది.

అక్క మిద్దె తూర్పున. రాకెట్ కూడా తూర్పునే. నేను పడమటికి తిరిగాను. ఎదురుగా పొలాలు, దూరంగా మా ఆయన గట్టు మీద తల ఎత్తి నిలబడి ఉన్నాడు. వెనక ఉరుము లాంటి మోత లేచింది. వీధంతా చప్పట్లు కొట్టింది. ఆ మోత సన్నగిల్లే కొద్దీ నా వెనక పళ్ళానికి గాజులు తగిలే చప్పుడు వినిపించింది. మెడ తిప్పాలనిపించింది. తిప్పలేదు.

"ఇంక తిరుగు" అంది అక్క. తిరిగేసరికి పిట్టగోడ మీద గిన్నె ఉంది, అడుగున పులుసు, అందులో రెండు ముక్కలు. ఇదంతా రాసుకోనా అని ఈమధ్య అడిగితే, రాసుకో గానీ అది ఏ చేపో మాత్రం రాయొద్దని షరతు పెట్టింది.

సాయంత్రం మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "పొలంలో నుంచి చెట్లు అడ్డమొచ్చినాయి, నీకు బాగా కనపడిందా?" అని అడిగాడు.

"నేనేమీ చూడలేదు" అన్నాను.