రాతి దొరసాని పాదాలమీద పసుపు

కెనడాలోని ఎటోబికోలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర తొమ్మిదేళ్లు టూర్ కుక్‌గా పనిచేశాను. రిటైరవడానికి ముందు సంవత్సరం మే నెలలో నన్ను స్కాట్లాండ్ టూరుకు వేశారు. పదహారు మంది ప్రయాణికులు, అందరూ అరవై దాటినవాళ్లే, ఒంటారియోలో ఉంటున్న తెలుగువాళ్లు. మా ఉద్యోగంలో హోదాల వరస ఒకటుంటుంది. అందరికంటే పైన టూర్ మేనేజర్ రమణ గారు, తర్వాత అక్కడి బస్సు డ్రైవరు, ఆఖరున కుక్. అన్నం వేళకు మాత్రం ఆ వరస తిరగబడుతుంది.

పొద్దున్నే బసలోని వంటగదిలో వండి, వేడి ఆరని పెట్టెల్లో సర్ది, బస్సు డిక్కీలోకి ఎక్కించడం నా పని. పాలు, నెయ్యి, మాంసం ఆ దేశంలోకి తీసుకెళ్లనివ్వరు. పొడులు, పప్పులు, చింతపండు ఇక్కడినుంచే మోసేవాళ్లం. పోపులపెట్టె నా చేతి సంచిలో ఉండేది, ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

నాలుగో రోజు ఒక పాత కోట చూశాం. మెలికలు తిరిగిన రాతిమెట్లు, ఒకరి వెనక ఒకరే ఎక్కాలి. మిగతావాళ్లు కత్తులు, డాళ్లు చూస్తుంటే నేను వంటింట్లోనే నిలబడిపోయాను. ఆ పొయ్యిలో మా బస్సు సగం పడుతుంది. పై గదిలో కూర్చుని కింద హాల్లో అతిథుల మాటలు చాటుగా వినడానికి దొర గోడలో కన్నం పెట్టించుకున్నాడని గైడు చూపించింది.

కోట దిగి పది నిమిషాలు నడిస్తే చర్చి. వందల ఏళ్లనాటి రాతి కట్టడం. గోడ పక్కన గడ్డిమీద కూర్చుని భోజనాలు ముగించి లోపలికి వెళ్లాం. అక్కడ సమాధిమీద ఒక దొరసాని రాతిబొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ మనం నమస్కారం పెట్టినట్టే జోడించి ఉన్నాయి. పాదాల దగ్గర కుక్కపిల్ల. దాన్ని చూసి ఒకాయన, “అరె, భైరవుడు!” అన్నాడు. అందరూ నవ్వారు. దణ్ణాలూ పెట్టారు.

తిరిగొచ్చిన రెండు వారాలకు రమణ గారు ఆఫీసుకు పిలిచారు. కూర్చోమనలేదు.

“ఆంటీ, పోపులపెట్టె మీ దగ్గరే ఉండేది కదా?”

కంప్యూటర్ నా వైపు తిప్పారు. రాతి పాదాలమీద నాలుగు పసుప్పచ్చని వేళ్ల చారలు. ఆ చర్చిని చూసుకునేవాళ్లు ఉత్తరం రాశారట. ఆ రాతిని మామూలుగా కడగకూడదట, నిపుణుడు రావాలట. ఆ రోజు సందర్శకుల పుస్తకంలో చివరి సంతకం మాదే. ఇకమీద మా గ్రూపులను రానివ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారట.

“ఎవరో పసుపు రాసి పూజ చేశారు. ఎవరో తేలేదాకా సెప్టెంబర్ టూరు లిస్టులో మీ పేరు హోల్డ్‌లో పెడుతున్నా,” అన్నారు.

నేను రాయలేదు. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు. పదహారు మందినీ ఒక్కొక్కరినే మనసులో నిలబెట్టి చూశాను. అనుమానం ఓక్‌విల్‌లో ఉండే వరలక్ష్మి గారిమీద ఆగింది. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో కుంకుమభరిణె లేకుండా గుమ్మం దాటరు. బస్సు ఎక్కిన మొదటిరోజు స్టీరింగుకు బొట్టు పెట్టిన మనిషి.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్లాను. ఇటుగా పనిమీద వచ్చానని అబద్ధం చెప్పాను. ఆవిడ కాఫీ కలుపుతుంటే నా కళ్లు దేవుడి అరమీద, సంచులమీద తిరుగుతున్నాయి.

“ఏం భాగ్యమ్మా, కాఫీకి వచ్చావా, సోదాకి వచ్చావా?”

చెప్పక తప్పలేదు. ఆఫీసులో నా ఫోన్లోకి తీసుకున్న ఫొటో చూడగానే ఆవిడ మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్లి భరిణె తెచ్చి నా ముందు పెట్టారు.

“చూసుకో. కుంకుమ ఎర్రగా ఉంటుంది. పసుపు నేను తీసుకెళ్లనే లేదు, ఒలికితే చీరలు పోతాయని మా కోడలు సూట్‌కేసులోంచి తీసేసింది. అయినా ఆ తల్లి కాళ్లకు దణ్ణం పెట్టింది నేనొక్కదాన్నేనా? నువ్వూ పెట్టావు, నా వెనకే!”

నిజమే, పెట్టాను. ఫొటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. పొడి పసుపయితే రాతిమీద దుమ్ములా నిలుస్తుంది, ఊదితే పోతుంది. ఈ చారల చుట్టూ నల్లటి తడి అంచు ఉంది. నూనె. రోజూ చూసే మరకే, గుర్తుపట్టడానికి ఇంతసేపు పట్టింది.

“వరలక్ష్మి గారూ, ఆ రోజు పులిహోర తిన్నాక చేతులు ఎక్కడ కడిగారు?”

“ఎక్కడ కడగడం? కుళాయి కట్టేసి ఉందని, తాగేనీళ్లు ముట్టుకోవద్దని చేతులు తుడుచుకోమని నువ్వేగా కాగితాలు పంచావు!”

నేనే. స్పూన్లు సర్దకపోవడం కూడా నా పద్ధతే. పులిహోర చేత్తో తింటేనే పులిహోర అని ప్రయాణికులు అంటే, రెండేళ్లుగా సర్దడం మానేశాను. నూనె, పసుపు అంటిన చేతులతో మేమందరం ఒకరి తర్వాత ఒకరం ఆ పాదాలు తాకాం. ఆ వేళ్లు ఎవరివో చెప్పలేను. నావీ కావచ్చు.

ఇదంతా రమణ గారికి చెప్పాను.

“ఇంత కథెందుకు ఆంటీ? వరలక్ష్మి గారు పూజ చేశారని రాసేద్దాం. ఆవిడ ఎలాగూ మళ్లీ మనతో రారు. మీ సెప్టెంబర్ మీకుంటుంది.”

ముందురోజు వరకూ నేను కోరుకున్న మాట అదే. ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు ఆయన చేతే రాయించాను. చర్చివాళ్లు జవాబులో, నిపుణుడికి అవసరమని, ఆ వంటలో ఏమేం వేశారో రాయమన్నారు. పల్లీనూనె, పసుపు, చింతపండు, ఉప్పు, ఇంగువ అంటూ కొలతలతో సహా చెప్పాను. రమణ గారు టైపు చేశారు. చింతపండు పులుపు కూడా ఆ రాతికి మంచిది కాదని తర్వాత తెలిసింది. గ్రూపులను రానిస్తాం, తినడం మాత్రం చూడటం అయ్యాకే అని షరతు పెట్టారు.

సెప్టెంబర్ టూరుకు వేరే కుక్‌ను పంపారు. రిటైరయ్యేదాకా నన్ను కెనడా లోపలి టూర్లకే వేశారు. వరలక్ష్మి గారికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. “తెలుసులే,” అని పెట్టేశారు.

నా తర్వాత చేరిన కుక్‌కు పని అప్పగించేటప్పుడు ఒకటే చెప్పాను: వడ్డన అయిపోగానే కుక్ పని అయిపోదు, తిన్నవాళ్లు చేతులు కడుక్కునేదాకా ఉంటుంది.