కడిగి కడిగి కుళ్ళిన గిట్ట

ముందు ఆ వాసన సంగతి చెప్పాలి, మిగతావన్నీ తర్వాత. చచ్చిన ఎలుక వాసన నాకు తెలుసు. మురిగిన చేపల వాసన తెలుసు. ఫహాహీల్ మార్కెట్ వెనక మండుటెండలో చెత్త డబ్బాల పక్కన బండి ఆపుకుని గంటల తరబడి కూర్చున్నవాణ్ణి. అవేవీ దీని కాలిగోటికి సరిరావు. గుర్రం గిట్ట అడుగున పట్టే కుళ్ళు వాసన ముక్కులోంచి గొంతులోకి దిగి అక్కడే కాపురం పెడుతుంది. సబ్బుకు పోదు, నిమ్మచెక్కకు పోదు. మా యజమాని బాబా జాలిపడి ఇచ్చిన అత్తరు రాసుకుంటే కుళ్ళూ అత్తరూ కలిసి ఇంకో కొత్త కంపు పుట్టింది, అంతే.

నేను సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవర్ని. నా ఇఖామా కార్డు మీద కూడా డ్రైవర్ అనే ఉంది, గుర్రం కాళ్ళు పట్టేవాడని లేదు. కానీ ఇళ్ళల్లో పనికి వచ్చినవాడికి ఏది తన పనో, ఏది కాదో ఎవరు చెప్పాలి? పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపితే మధ్యాహ్నం దాకా నేను ఖాళీగా ఉంటానని బాబాకు ఎవరో చెప్పారు. ఎవరో ఏమిటి, మామాయే, అంటే ఇంటి యజమానురాలే, చెప్పి ఉంటుంది.

బాబాకు ఊరి బయట ఎడారిలో ఒక జాఖూర్ ఉంది. గొర్రెలూ మేకలూ ఒంటెలూ ఉంచుకునే దొడ్లను ఇక్కడ అలా పిలుస్తారు. మా బాబా దొడ్లో కొన్ని మేకలూ, ఒక తెల్ల ఆడగుర్రమూ ఉండేవి. ఇంట్లో పెద్దమ్మాయి చిన్నప్పుడు ఎక్కి తిరిగిన గుర్రం అది. ఆ పిల్ల పెద్దదైంది, గుర్రాన్ని మరిచిపోయింది. బాబా మాత్రం మరవలేదు. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక తన జీపు తానే నడుపుకుంటూ వచ్చి దానికి ఖర్జూరాలు తినిపించేవాడు. నేను సామాన్ల బండిలో వెనకాల వెళ్ళేవాణ్ణి.

ఆ గుర్రాన్ని చూసుకునే ఆయనది రాయచోటి. సాయిబు, అరవై దాటినవాడు. మా కడప వైపు మాట వినపడిందని మొదటి రోజే నన్ను పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను చిన్నాయనా అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బీ అనేవాడు. జాఖూర్‌కు రాకముందు ఆయన ఏళ్ళ తరబడి ఒక విల్లాలో పనిచేశాడు. ఇక్కడ విల్లాలో పనిచేసిన ఎవరినైనా అడగండి, తెల్లారి మొదటి పని పైపు పట్టుకోవడమే. ఇంటి ముందు బండలు కడగాలి, కార్లు కడగాలి, రాత్రి గాలికి పడిన దుమ్మంతా మామా లేచేలోపల పోవాలి. ఆ అలవాటు ఆయన ఎముకల్లోకి పోయింది. జాఖూర్‌కు వచ్చాక కూడా తెల్లారగానే పైపు పట్టేవాడు. గుర్రం నిలబడే లాయం కడిగేవాడు, కింద పరిచిన రబ్బరు చాపలు కడిగేవాడు, చివరికి గుర్రాన్నే కడిగేవాడు. శుక్రవారమైతే గిట్టలకు నల్లనూనె రాసి అద్దంలా మెరిపించేవాడు. ఆ వరసలో ఉన్న దొడ్లన్నీ పేడకంపు కొడుతుంటే మాది ఒక్కటే ఫినాయిలు వాసన వేసేది. ఆ పచ్చ పైపు ఆయన గర్వం. వాడకం అయ్యాక చుట్టలు చుట్టి మేకుకు తగిలించి, ఇంకెవరినీ తాకనిచ్చేవాడు కాదు.

ఒక శుక్రవారం గుర్రం ఖర్జూరం కోసం కుంటుతూ వచ్చింది. బాబా ముఖం మాడిపోయింది. మర్నాడు నేనే ఈజిప్టు డాక్టర్ని బండిలో ఎక్కించుకుని వెళ్ళాను. డాక్టరు ముందు కాలు ఎత్తి, కొక్కెంలాంటి ఇనుప పుల్లతో గిట్ట అడుగున ఉన్న గాడిలో గీకాడు. పైకి నిగనిగలాడే గిట్ట. అడుగున మాత్రం, ఛీ, సంగతి వేరు. గిట్ట మధ్యలో మెత్తగా, ముక్కోణంగా ఒక దిమ్మ ఉంటుంది. దాని పక్కన గాడిలోంచి నల్లటి జిగురు, కరిగిన తారులాగా సాగుతూ వచ్చింది. ఇంకాస్త లోపలికి పోనిస్తే దిమ్మ ముక్కలు ముక్కలుగా ఊడింది, గుర్రం ఒళ్ళంతా అదిరి కాలు లాక్కుంది. ఆ జిగురు నా మోచేతి మీద పడింది. నేను గోడ పక్కకు పరిగెత్తి, పొద్దున తిన్నదంతా కక్కేశాను.

"తడి," అన్నాడు డాక్టరు. "రోజూ నీళ్ళు పడుతున్నాయా?"

చిన్నాయన రొమ్ము విరుచుకున్నాడు. "రోజూ సార్, రోజూ కడుగుతా. చుక్క మురికి ఉండనీను."

"అదే రోగం." డాక్టరు రబ్బరు చాప అంచు ఎత్తాడు. దాని కింద ఉచ్చా, కడిగిన నీళ్ళూ కలిసి ఎన్నాళ్ళ నుంచో కదలకుండా మురిగాయి. ఆ వాసనకు డాక్టరే మొహం తిప్పుకున్నాడు. ఏడాదిలో నాలుగు చినుకులు పడితే గొప్పైన దేశంలో గుర్రం గిట్ట తడికి కుళ్ళడం ఎక్కడైనా ఉందా? మా దొడ్లో ఉంది. గాలి తగలని చోట, తడీ మురికీ కలిసిన చోట ఈ పుండు లోపలికి తొలుచుకుంటూ పోతుందనీ, ఇప్పటికే నొప్పి తగిలే దాకా పోయిందనీ, పైన నూనె పూసి మూసేస్తే ఇంకా వేగంగా పోతుందనీ డాక్టరు చెప్పాడు. నేను తెలుగులో చెబుతుంటే చిన్నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను మురికోడినా అబ్బీ? నా చేత్తో నేనే కుళ్ళబెట్టినానా?" అన్నాడు.

సాయంత్రం బాబాకు గిట్ట కుళ్ళిందని చెప్పాను, చిన్నాయన నీళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "కుంటే గుర్రాన్ని నేను చూడలేను. రంజాన్ లోపల బాగా నడిస్తే సరే. లేకుంటే ఎవరికైనా ఇచ్చేస్తాను. ఖలాస్," అన్నాడు. మేకల్ని చూసుకోవడానికి పక్క దొడ్డివాడు చాలు. గుర్రం పోతే చిన్నాయనతో పని లేదు. ఆ మాట బాబా అనలేదు గానీ చిన్నాయనకు అర్థమైంది.

"ఈ వయసులో నాకు పనిచ్చే కఫీల్ ఇంకొకడు యాడ దొరుకుతాడు అబ్బీ? ఇంటికి పోతే కొడుకుల మొగాలు చూస్తా కూచోవాల. దీని కాళ్ళే నా కాళ్ళు," అన్నాడు.

ఆయన నడుము వంగదు. కాబట్టి గిట్ట ఎత్తి తొడల మధ్య ఇరికించుకునే యోగం నాకే పట్టింది. లాడాలు కొట్టేవాడు వచ్చి కుళ్ళిన పొరలు కత్తితో కోసేసి, ఆ పాత కత్తి మాకే వదిలిపోయాడు. తర్వాత రోజూ అదే పూజ. ఇనుప పుల్లతో గాడి శుభ్రం చేయాలి, గట్టి బ్రష్షుతో మందునీళ్ళు పెట్టి రుద్దాలి, పొడి గుడ్డతో తేమ లేకుండా తుడవాలి. దూది మీద నీలం మందు వేసి గాడి లోపలికి దూర్చాలి. ఆ నీలం చూసి చిన్నాయన, "మైలుతుత్తం కదా ఇది, మా టమోటా తోటలో కొట్టేటోళ్ళం," అని కాస్త తెప్పరిల్లాడు. నిన్నటి దూది బయటికి లాగేటప్పుడు వచ్చే కంపు మాత్రం మాటల్లో పెట్టేది కాదు. నేను మూతికి గుడ్డ కట్టుకుని, గుర్రాన్నీ, బాబానూ, గల్ఫుకు దారి చూపించిన ఏజెంటునూ ఒక్కొక్కరినీ వరసగా తిట్టుకుంటూ చేసేవాణ్ణి.

పని అయ్యాక చిన్నాయన తన గదిలో పెద్ద తట్టలో అన్నం వడ్డించేవాడు. ఒకే తట్టలో కలిసి తినడం వాళ్ళ ఇంటి పద్ధతి. అన్నం, కూర కలిపి ముద్ద చేసి, "రా అబ్బీ, చెయ్యి పెట్టు," అనేవాడు. ఆ చేత్తోనే కదా ఇంతకుముందు నేను లాగిన దూది ఏరి పారేశాడు! కడుక్కున్నాడు, నేను చూశాను, అయినా నా చెయ్యి తట్టలోకి పోయేది కాదు. ఆకలి లేదని చెప్పి, దారిలో అబూ హలీఫాలోని హోటల్లో కట్టించుకొచ్చిన పొట్లం బండిలో కూర్చుని చెంచాతో తినేవాణ్ణి. నా చేతి మీద కూడా నాకు నమ్మకం లేదు మరి. ఆయనకు తెలిసిపోయింది. కొన్నాళ్ళకు పిలవడం మానేశాడు.

కాస్త తగ్గుతోంది అనుకునేసరికి ఒక పొద్దున వెళ్ళి చూస్తే లాయం అంతా నీళ్ళు! గుర్రం తడి చాపల మీద నిలబడి ఉంది. చిన్నాయన పైపు చుట్టుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమన్నా పిచ్చా చిన్నాయనా? నేను రోజూ ఆ కుళ్ళు పిసుక్కుంటా చస్తాంటే నువ్వు మళ్ళా నీళ్ళు కొడతావా? ఇంటికి పోవాలని ఉంటే చెప్పు, టికెట్టు నేనే తెస్తా!"

ఆయన తల వంచుకున్నాడు. "చూడలేకపోయినా అబ్బీ. పేడ, దుమ్ము... రేపు శుక్రవారం కదా, బాబా వచ్చి చూస్తే ఏమనుకుంటాడు? ఇన్నేండ్లు నన్ను ఒకరు వేలెత్తి చూపలా."

నేను ఇంకేం తిట్టను? ఇద్దరం కలిసి చాపలన్నీ పీకి ఎండలో పడేశాం. కింద పేరుకున్న బురద పారతో ఎత్తేటప్పుడు నాకు మళ్ళీ డోకు వచ్చింది, ఆయనకూ వచ్చింది. "తోబా తోబా" అంటూ లుంగీ అంచు ముక్కుకు పెట్టుకున్నాడు. ఆ బురద తానే పెంచిందని ఆయనకు ఆ రోజు ముక్కుతో తెలిసింది. నేల ఎండాక పొడి ఇసుకా, చెక్కపొట్టూ పరిచాం. ఆ రోజు నుంచి పేడ ఎత్తడమే, కడగడం లేదు. గుర్రం మట్టిరంగుకు తిరిగింది. తోక అట్టలు కట్టింది. పక్క దొడ్డివాడు ముసలాయనకు చేతకాకుండా పోయిందని నవ్వితే చిన్నాయన పళ్ళు బిగబట్టుకుని పేడ ఎత్తాడు. మధ్యలో వచ్చిన శుక్రవారాల్లో బాబా ఊళ్ళో లేడు, అది మా అదృష్టం.

రంజాన్ ముందు వచ్చిన ఆఖరి శుక్రవారం బాబా వచ్చాడు. పాదాల దాకా ఉండే తెల్లటి దిష్‌దాషా అంగీ ఎత్తిపట్టుకుని లాయం గుమ్మంలో ఆగిపోయాడు. దుమ్ముకొట్టుకున్న గుర్రాన్నీ, మెరుపు లేని గిట్టల్నీ చూశాడు.

"ఏమిటిది? వసిఖ్!" అన్నాడు. మురికి అని. అసహ్యంతో ఆయన పెదవి వంకర తిరిగింది. "పైపు తీసుకురా. ఇప్పుడే కడగండి, నా ముందర."

నా వైపే చూసి అన్నాడు. నేను మేకు దగ్గరికి వెళ్ళాను. పైపు లేదు. గోడ వెనక చూస్తే ముక్కలు ముక్కలుగా పడి ఉంది. పక్కనే లాడాలు కొట్టేవాడి కత్తి. పొద్దునే ఎవరో కోసినట్టున్నారు. ఒక ముక్క చేత్తో పట్టుకుని తిరిగొచ్చాను.

"ఎవరు కోశారు?" అన్నాడు బాబా.

"ఆనా, బాబా," అన్నాడు చిన్నాయన. నేనే అని. "ఉంటే నా చెయ్యి ఊరుకోదు బాబా. అందుకే కోసినా." చివరి మాటలు తెలుగులోనే వచ్చేశాయి, నేను అరబ్బీలో చెప్పాను, తడికే గిట్ట కుళ్ళిందని కూడా కలిపి.

బాబా ముఖం ఎర్రబడింది. అయిపోయింది, ఇద్దరికీ టికెట్లే అనుకున్నాను. చిన్నాయన వంగని నడుము వంచి, మూలుగుతూ గుర్రం కాలు తానే ఎత్తాడు. గిట్ట అడుగు బాబా వైపు తిప్పి, "వాసన చూడు బాబా," అన్నాడు.

బాబా తలగుడ్డ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగాడు. కొంచెంసేపు చూశాడు. తర్వాత చెంగు తీసేసి ఇంకా దగ్గరికి వంగాడు. గాడి పొడిగా, గట్టిగా ఉంది, నలుపు లేదు, జిగురు లేదు. ఆయన లేచి బయటి గట్టి నేల మీదికి నడిచి, జేబులోంచి ఖర్జూరం తీసి చెయ్యి చాపాడు. గుర్రం మా ఇద్దరినీ తోసుకుంటూ వెళ్ళింది. కుంటడం లేదు. దాని దుమ్ము మూతి ఆ తెల్ల దిష్‌దాషాకు రాసుకుంటే కూడా బాబా కదలలేదు.

"కొత్త పైపు కొనొద్దు. ఖలాస్," అన్నాడు, జీపు ఎక్కుతూ.

చిన్నాయన అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాడు. తర్వాత లేచి చేతులు కడుక్కుని గదిలోకి పోయాడు. నేను బండి తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన నన్ను పిలవలేదు, తట్టలో అన్నం కలుపుకుంటున్నాడు. నేనే లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఆకలైతాంది చిన్నాయనా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, ముద్ద చేసి, నా నోటి దగ్గరికి చాపాడు. వాసన ఉంది. ఎక్కడికి పోతుంది, అదే వాసన! నమిలి మింగి, ఇంకో ముద్దకు నోరు తెరిచాను.