కేకుల ఇంట్లో తీపి ముట్టని చీమలు

2022 నవంబరు చివరి వారం. గుణదలలో కరుణమ్మ గారు ఇంట్లోనే క్రిస్మస్ కేకులు చేసి అమ్ముతారు. ముందురోజు ఎవరో కేకు పెట్టె తెరిస్తే లోపల చీమలట. పెస్ట్ కంట్రోల్ పనివాణ్ణని నాకు ఫోన్ చేశారు.

"ఇంకొక్క పెట్టె వెనక్కొచ్చిందంటే ఇక నా దగ్గర ఎవరూ కొనరండీ," అన్నారు.

వంటింటి గోడమీద లేత పసుపు సన్న చీమలు, దారం లాగినట్టు బారు తీరాయి. నేను వన్‌టౌన్ కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. సరుకు కంటికి కనపడితేగానీ గిరాకీ నమ్మదని నా నమ్మకం. స్ప్రే కొట్టి, రాలిన చీమల్ని కాగితంలోకి ఎత్తి, మేలిరకం జీడిపప్పులా చూపించాను. ఆవిడ సంతోషించారు. నేనూ.

నాలుగో రోజు మళ్ళీ ఫోన్. "వంటింట్లోవి పడగ్గదిలోకీ బాత్‌రూములోకీ వచ్చాయి. చంపారా, వాటికి పెళ్ళిళ్ళు చేశారా?"

తప్పు నాదే. ఈ ఫారో చీమల గూట్లో రాణులు చాలా ఉంటాయి. స్ప్రే తగిలితే కొన్ని రాణులు పనిచీమల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వేరు కాపురం పెడతాయి. మేం బడ్డింగ్ అంటాం.

ఈసారి తీపి బెయిట్ పెట్టాను. బెయిట్ అంటే నిదానంగా చంపే మందు కలిపిన మేత. తిన్న చీమ గూటికెళ్ళి నోటితో నోటికి పంచుతుంది. ఆ పంపకం పేరు ట్రోఫలాక్సిస్.

"పది రోజులు అక్కడ తుడవకండమ్మా. ట్రెయిల్ ఫెరోమోన్ అని, వాసనతో దారి గీసుకుంటాయి. ఫినాయిల్ పెడితే ఆ దారి చెరిగిపోతుంది."

"మూడు రోజులు."

"ఎనిమిది."

"కేకుల కోసం వచ్చేవాళ్ళకి చీమల ఊరేగింపు చూపించమంటారా? ఐదు."

ఏడుకి తెగింది. కేకుల పని చెల్లెలింటికి మార్చుకున్నారు.

రెండు రోజుల తర్వాత వెళ్తే బెయిట్ చుక్క ఎండిపోయి ఉంది. ఒక్క చీమా మూతి పెట్టలేదు. నా మొహం చూసి కరుణమ్మ గారు నవ్వారు.

"ఏడాది పొడుగునా పంచదారలో దొర్లే చీమలయ్యా! తీపికి మొహం మొత్తి ఉంటుంది. ఎండు రొయ్యల డబ్బా దగ్గర చూడండి, అక్కడే జాతర."

నిజమే. గూట్లో లార్వాలు, అంటే చీమపిల్లలు, పెరిగేటప్పుడు మాంసకృత్తులు కావాలి. పనిచీమలు తెచ్చిన ముక్కల్ని పిల్లలు అరిగించి రసంగా ఇస్తే, అది రాణుల దాకా వెళ్తుంది. ఇదంతా నాకు తెలుసు. వాటిని అడ్డాలోనే చూసింది మాత్రం ఆవిడ.

ఆవిడిచ్చిన గుప్పెడు రొయ్యల్ని పొడిచేసి, మందు పలచగా కలిపి, అట్టముక్కలమీద పెట్టాను. గంటలో వరస కట్టాయి. చీపురు ముట్టకుండా కూర్చోవడం ఆవిడకు ప్రాణసంకటమైంది.

ఏడో రోజుకి బారు పలచబడింది. "ఇంకో వారం ఇవ్వండమ్మా," అన్నాను. ఈసారి బేరమాడలేదు. క్రిస్మస్ దాకా ఒక్క పెట్టె కూడా వెనక్కి రాలేదు.

ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ముందు ఒక అట్టమీద పాకం చుక్క, రొయ్యల పొడి చిటికెడు పెట్టి అరగంట కూర్చుంటాను. ఈలోగా ఆ ఇంట్లో వంట చేసేవాళ్ళని అడుగుతాను, "ఏం తింటున్నాయండీ ఇవి?" అని. సగం పని ఆ జవాబుతోనే అయిపోతుంది.